ఆందోళన కాదు, మనాది

"మీ మానసిక ఆరోగ్యం బాగుంది" అని ఫోను తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. వాటి కింద నవ్వుతున్న సూర్యుడి బొమ్మ. నేను తలెత్తి మా అత్తమ్మను చూశాను. ఆమె అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుంది. పొద్దున పెట్టిన జొన్నరొట్టె సగం కూడా ముట్టలేదు, పళ్ళెంలోనే ఎండిపోతోంది. నాలుగు నెలల్లో మనిషి సగమైంది, రవికలు భుజాల మీంచి జారుతున్నాయి. ఆ సూర్యుడి నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ మాట మా ఆయన అంటే ఒప్పుకోను గానీ, నాకై నేను ఒప్పుకుంటాను. జడ్చర్ల బస్టాండుకు దగ్గర్లో జిరాక్సు, ఆన్‌లైన్ పనుల షాపు నడపాలంటే ఆ మాత్రం ఉండాలి మరి. కులం సర్టిఫికెట్లు, పింఛను దరఖాస్తులు, పరీక్షల హాల్‌టికెట్లు అంటూ పొద్దంతా జనమే. సర్వర్ పనిచేయకపోతే సర్కారును ఎవరూ ఏమీ అనరు, నన్నే అంటారు. నేనూ ఊరుకునే రకం కాదు.

ఆ ఫారం మా ఊరి వాట్సాప్ గ్రూపులో వచ్చింది. హైదరాబాదులో కొందరు డాక్టర్లు కలిసి పెట్టిన సర్వే. దవాఖానకు వచ్చేవాళ్ళ సంగతి వాళ్ళకు తెలుసు, దవాఖాన గడప తొక్కని మామూలు జనం మనసులు ఎలా ఉన్నాయో తెలియదు. అందుకని పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళు ఎవరైనా సరే, పేరు చెప్పకుండా ఫోనులోనే జవాబులు ఇవ్వొచ్చని రాసి ఉంది. ఫారం పక్కనే ఇంకో పేజీ. ప్రశ్నల మీద మీకేమనిపిస్తే అది రాయండి, ఈ అధ్యయనంలో మీరూ భాగస్వాములే అని. ఇలాంటి తీపి మాటలు నా వృత్తిలో రోజుకు పది చూస్తాను కనుక ఆ పేజీ వైపు మళ్ళీ చూడలేదు. నాకు కావలసింది ఫారమే. ఎందుకంటే ఇంట్లో అత్తమ్మ ఉంది.

అత్తమ్మకు ఒక యారాలు ఉండేది. మామ తమ్ముడి భార్య, నాకు చిన్నత్తమ్మ. రెండిళ్ళకూ నడుమ ఒకటే గోడ, ముందర ఒకటే వాకిలి. నేను కాపురానికి వచ్చిన రోజు నుంచి వాళ్ళిద్దరూ కొట్లాడుకోని పూట లేదు. నల్లా దగ్గర బిందె ఎవరిది ముందు, ఎవరి కోడి ఎవరి గింజలు తిన్నది, ఎవరి కొడుకు పెళ్ళిలో ఎవరికి మంచి చీర పెట్టలేదు, ఏదో ఒకటి. పల్లిచేనులో కలుపు తీయడానికి పోయినా పక్కపక్క సాళ్ళలోనే కూర్చుని తిట్టుకుంటూ తీసేవాళ్ళు. మధ్యాహ్నం సద్దులు విప్పి ఒకరి కూర ఒకరు వేసుకుని, ఉప్పెక్కువైందని మళ్ళీ మొదలు. ఇద్దరి భర్తలూ పోయాక కూడా ఆ పంచాయితీ ఆగలేదు.

ఆ చిన్నత్తమ్మ ఒక మధ్యాహ్నం అన్నం తిని చేయి కడుక్కుంటూ పడిపోయింది. ఆటో వచ్చేలోపే ప్రాణం పోయింది.

అత్తమ్మ ఏడవలేదు. దినాలు అయ్యేదాకా పనులన్నీ తానే చేసింది. ఆ తర్వాత మెల్లగా మాట తగ్గింది. మొదట్లో నేను పట్టించుకోలేదు. అబద్ధం ఎందుకు, ఇంట్లో గొడవ తగ్గిందని సంతోషించాను కూడా. ఒకరోజు పప్పులో ఉప్పు వేయడం మరిచాను. ఆమె మారుమాట లేకుండా రెండు ముద్దలు తిని లేచింది. పన్నెండేళ్ళుగా నా పప్పుకు వంక పెట్టకుండా చేయి కడగని మనిషి ఆమె. ఆ రోజు నాకు నిజంగా భయం వేసింది.

మా ఆయనకు చెబితే, "ముసలితనం గదనే, గట్లనే ఉంటది" అని డ్యూటీకి పోయాడు. జడ్చర్లలో మందుల ఫ్యాక్టరీలో చేస్తాడు. పొద్దంతా మందుల నడుమ ఉండే మనిషికి ఇంట్లో రోగం కనబడలేదు. ఇరుగుపొరుగు మరీ ఘోరం, ఆమె ముందే అనేవాళ్ళు: "మొగడు పోయిననాడు గూడ గింత రంధి పెట్టుకోలే. యారాలు పోతే గిదేందమ్మా?" దవాఖానకు పోదాం రమ్మని నేను బతిమాలితే అత్తమ్మ "నాకేం రోగం?" అనేది. నేనే ఓసారి పక్కన కూర్చుని మనసులో ఏముందో చెప్పమంటే "నీకేం తెల్సు, పో" అని ముఖం తిప్పుకుంది. కోడలు అడిగితే ఆరా తీసినట్టే కదా. డాక్టర్ల ఫారంలో ఏదైనా తేలితే ఇంట్లో అందరూ నమ్ముతారు, అందరికంటే ముందు ఆమె నమ్ముతుంది, దవాఖానకు వస్తుంది. నా ఆశంతా అదే.

ఆదివారం అరుగు మీద కూర్చోబెట్టి చదివాను.

"గత పక్షం రోజులలో మీరు ఎన్ని రోజులు ఆందోళనలో ఉన్నారు?"

"లే" అంది.

"నిస్పృహకు లోనయ్యారా?"

"అంటే?"

నాకూ సరిగ్గా తెలియదు. బడిలో తెలుగు వాచకంలో చదివినట్టు గుర్తు. "గదే, నిరాశ" అన్నాను.

"లే."

"ఆత్మన్యూనతా భావం కలిగిందా?"

ఈసారి అర్థం కూడా అడగలేదు. "లేదని రాయి బిడ్డా. అన్నిటికి లేదనే రాయి. పాణం ఇసిగింది" అంది.

ఆ చివరి మాటే అసలు జవాబని నాకప్పుడు తట్టలేదు. ఫారంలో దానికి గడి కూడా లేదు. అన్నీ లేదు, లేదు, లేదు అని నొక్కాను. సూర్యుడు నవ్వాడు. పక్కనే ఉన్న మా ఆయన తొంగి చూసి, "సూస్తివా, నేన్ జెప్పలే?" అన్నాడు. ఆ పూట ఆయనకు చాయ్ ఇవ్వలేదు.

మరుసటి రోజు ఆ కోపం దిగకముందే షాపుకు ఒక ముసలాయన వచ్చాడు. పింఛను పనికి ఎప్పటి నుంచో వచ్చే మనిషి. ఆయన ఫోనులోనూ అదే ఫారం. కోడలు పంపిందట, నింపి పెట్టమన్నాడు. ఎన్ని రోజులు ఆందోళనలో ఉన్నారని చదివాను.

"ఆందోళనలనా?" అని ఆయన నిటారుగా కూర్చున్నాడు. "అప్పట్ల దినాం ఉన్నం బిడ్డా. గీ రోడ్డు మీదనే పొయ్యి పెట్టి వండుకొని తిన్నం. తెలంగాణ వచ్చినంక ఇంకేం ఆందోళన? లేదని కొట్టు."

నవ్వు ఆపుకుని లేదని కొట్టాను. ఆయనకూ సూర్యుడు వచ్చాడు. లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

"జర మంచినీళ్ళు ఉన్నయా? ఊకె గుండె దడదడ కొట్టుకుంటది. ఎవలన్న తలుపు కొడితె సాలు, బుగులైతది. ఎందుకో తెల్వది."

"మరి ఆందోళన లేదంటివి గద తాతా?"

"ఆందోళన యాడిది? నేను బుగులు అంటున్న గద" అని ఆయన నన్నే విసుక్కున్నాడు.

నీళ్ళ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మా తరం ఉద్యమంలో పెరిగింది. బడులు బందు, బస్సులు బందు, పేపరు నిండా ఆందోళన, ఆందోళన, ఆందోళన. ఆ మాట వింటే మాకు జెండాలు, నినాదాలు గుర్తొస్తాయి గానీ గుండె దడ ఎందుకు గుర్తొస్తుంది? ఫారం రాసినవాళ్ళకు ఈ సంగతి తెలియదు. నాకు తెలిసి కూడా తట్టలేదు.

మధ్యాహ్నం ఇంకో ఆమె వచ్చింది. ఉద్యోగాలు పర్మినెంట్ చేయాలని టెంటు వేసుకుని కూర్చున్నవాళ్ళలో ఒకామె, వినతిపత్రం జిరాక్సు కోసం వచ్చింది. పరీక్షించి చూద్దామని నేనే ఫారం చూపించాను. "ఎందుకు లేను? దినాం ఆందోళనలనే ఉన్న" అని గర్వంగా నొక్కింది. మనిషి కళకళలాడుతోంది, ఆమె గొంతు మైకు లేకుండానే బస్టాండంతా వినబడుతుంది. ఆమెకు ఎర్ర అక్షరాలు వచ్చాయి, ఆలస్యం చేయకుండా డాక్టరును కలవమని.

అంటే బుగులుతో వణికే తాత బాగున్నాడు. టెంటు కింద ఉషారుగా ఉన్న ఆమెకు రోగం. రొట్టె ముట్టని మా అత్తమ్మకు సూర్యుడు. హైదరాబాదులో ఎవరో వీటన్నిటినీ కలిపి మా పాలమూరు జనం మనసు గురించి ఒక మాట రాస్తారు, అది పుస్తకాలకు ఎక్కుతుంది. నేను షట్టరు సగం దించి, మళ్ళీ చూడనన్న ఆ అభిప్రాయాల పేజీ తెరిచి, కోపమంతా టైపు చేశాను.

"మీ ఫారం అబద్ధం చెప్తున్నది. మా దిక్కు ఆందోళన అంటే ధర్నా. బుగులు సంగతి తెల్వాలంటె బుగులు అనే అడగాలె. నిస్పృహ అన్న మాట మా ఊర్ల ఎవ్వరి నోట నేను ఇనలే. మా అత్త నాలుగు నెలల సంది కడుపునిండ తింటలేదు, మీ సూర్యుడు ఆమెను జూసి నవ్విండు. జనం సంగతి కావాలంటె జనం మాట నేర్చుకొని రాండ్రి."

పంపాక కొంచెం బెదురు పుట్టింది. అయినా తీసేయలేదు.

జవాబు మూడో రోజు ఆ పేజీలోనే వచ్చింది. ఆ అధ్యయనం చూసుకునే డాక్టరమ్మే రాసింది. మీ విలువైన సూచనకు ధన్యవాదాలు లాంటి మాట ఒక్కటీ లేదు. మీరు రాసింది నిజమైతే మేం ఇప్పటిదాకా పోగుచేసిందంతా తప్పు, మీతో మాట్లాడాలి, అంతే. నంబరు ఇచ్చాను. ఫోను చేసింది. ఆమెది కోస్తా మాట.

"మీ అత్తగారికి ఏమైందనుకుంటున్నారు? డాక్టర్ల మాట వద్దండీ, మీ మాటలో చెప్పండి."

"మనాది వట్టుకున్నది మేడం."

"మనాది అంటే ఏమిటండీ? బెంగా?"

"బెంగ అంటె పిల్లలు గూడ పెట్టుకుంటరు, రెండు దినాలకు పోతది. మనాది పోదు. మనిషిని లోపటి నుంచి తింటది."

అటువైపు కాగితం చప్పుడైంది. రాసుకుంటోందని తర్వాత తెలిసింది.

వారం తిరక్కముందే ఆమె సర్వేకు ఇంకో పేజీ తెరిపించింది. మనసు బాగాలేనప్పుడు మీ ఇంట్లో ఏ మాట వాడతారు, ఎప్పుడు వాడతారు, ఎవరైనా రాయొచ్చు, ఒకరు రాసినదాన్ని ఇంకొకరు కాదనొచ్చు. నేను దానికి నా షాపునే ఆఫీసు చేశాను. జిరాక్సుకు వచ్చినవాళ్ళను కాగితం బయటికి వచ్చేలోపు అడిగేదాన్ని. ఒక కండక్టరు బుగులుకు అర్థం చెప్పిన తీరు ఇప్పటికీ మరిచిపోలేదు. "డ్యూటీ ఎక్కినంక ఇంటికి తాళమేసిన్నా లేదా అన్నట్టుంటది. కాని తాళమేసినట్టు నాకు బరాబర్ తెల్సు. గదే బుగులు." పూలమ్మే ఆమె "మనసున పడతలేదు" అనే మాట ఇచ్చింది. తిండైనా, మనిషైనా, పండుగైనా, ఏదీ మనసుకు ఆనకపోతే అనే మాట అది. ఫారంలో ఆసక్తి సన్నగిల్లడం అని రాసింది దీన్నేనని నాకు అప్పుడు అర్థమైంది.

ఆన్‌లైన్ పేజీలో అయితే రోజూ పంచాయితీయే. రంధికీ మనాదికీ తేడా ఏమిటని మొదలైంది. నల్గొండ దిక్కు రామన్నపేట నుంచి ఒకాయన, రంధి అంటే కొంచెం, మనాది అంటే బాగా ఎక్కువ అని రాశాడు. మేళ్లచెరువు నుంచి, సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ములో ఉండేదాన్నని చెప్పుకున్న ఒకామె ఒప్పుకోలేదు. "గట్ల గాదు. రంధి కానున్న దాని గురించి. మనాది అయిపోయిన దాని గురించి" అని రాసింది. నేను ఆ మాటను షాపులో ఉన్న అందరికీ గట్టిగా చదివి వినిపించాను. ఒక్కరు కూడా కాదనలేదు. డాక్టరమ్మకు ఫోను చేసి, ఆమె ఎవరోగానీ ఆమెకు మీ పక్కన కుర్చీ వేయండి అన్నాను.

కొత్త ప్రశ్నలు తయారయ్యాయి. వాటిని ఒప్పుకోవడానికి ఫోనులోనే మీటింగు పెట్టారు, రాసినవాళ్ళందరినీ పిలిచారు. అందులో ఒక పెద్ద ప్రొఫెసరుగారు ఉన్నారు. మర్యాదస్తుడు. కానీ ఆయనకు ఈ వరస నచ్చలేదు.

"మాండలికం వాడితే ప్రశ్నలు తేలికైపోతాయమ్మా. శాస్త్రానికి ప్రామాణికమైన భాష ఉండాలి" అన్నారు.

మైకు ఆపి ఉంచమన్నారు మమ్మల్ని. నేను ఆన్ చేశాను.

"సార్, మీ ప్రామాణికమైన మాటతోని మా అత్త బాగున్నదని వచ్చింది. ఆమె నిన్న రెండు బుక్కలే తిన్నది. తేలికైన మాటతోని నిజం వస్తే మీకేం నష్టం?"

ఆయనే ఒక దారి చెప్పారు. "సరే, నా మాటా వద్దు, మీ మాటా వద్దు. రెండు ఫారాలూ పెడదాం. లింకు నొక్కినవాళ్ళకు ఏదో ఒకటి తెరుచుకుంటుంది, ఏది వస్తుందో ఎవరి చేతిలోనూ ఉండదు. ఇదివరకు నింపినవాళ్ళు కూడా మళ్ళీ నింపొచ్చు. జనమే తేలుస్తారు." ఆ మాట న్యాయంగా ఉంది. ఆయన మీద నాకు గౌరవం కలిగింది, కానీ అప్పుడు చెప్పలేదు.

ఆ రెండు ఫారాలు పెట్టిన రోజు షాపు తెరవలేదు. అత్తమ్మ పక్కన అరుగు మీద కూర్చుని లింకు నొక్కాను. పాతదే వస్తే ఏం చేయాలో నాకు తెలియదు. మళ్ళీ సూర్యుడు నవ్వితే ఆమెను దవాఖానకు తీసుకుపోయే దారి ఇక నాకు లేదు. నెట్టు తిరిగి తిరిగి తెరుచుకుంది. మొదటి వరుస చూడగానే గట్టిగా చదివాను.

"గీ పదిహేను దినాలల్ల మీకు మనాది అనిపించిందా?"

ఆమె ముఖం నా వైపు తిప్పింది. "ఏమన్నవ్?"

మళ్ళీ చదివాను.

"గది నువ్వు అడుగుతున్నవా, డాక్టర్లు అడుగుతున్నరా?"

"డాక్టర్లే. సూడు, గీడ రాసిండ్రు."

ఆమెకు చదువు రాదు. అయినా వేలు పెట్టి ఆ మాట ఎక్కడుందో చూపించమంది. చూపించాను. "మనాది అనే రాసిండ్రా?" అని ఇంకోసారి అడిగింది. రాశారన్నాను. చాలాసేపు ఆ అక్షరాల మీదనే వేలు ఉంచింది.

"ఉన్నది" అంది.

ఆ తర్వాత నేను చదవాల్సిన అవసరం రాలేదు. "అది పోయిన కాన్నుంచి ఉన్నది. నన్ను తిట్టెటందుకు అదొక్కతే ఉండె బిడ్డా. మీరందరు నన్ను పెద్దమనిషిని జేసి ఊకుంటరు. అది ఊకోకపోతుండె. మీ మామ పోయిననాడు గూడ నన్ను తిట్టి తిట్టి అన్నం తినిపిచ్చింది. ఇగ నాకెవలు తినిపియ్యాలె?" అని, ఇన్ని నెలల ఏడుపు ఒక్కసారే ఏడ్చింది. నేనూ ఏడ్చాను. గుమ్మంలో నిలబడి ఉన్న మా ఆయన తల దించుకున్నాడు.

ఫారం చివర ఈసారి సూర్యుడు లేడు. మీ మనసు మీద బరువు ఉన్నట్టుంది, ఒక్కరే మోయకండి అని, మాట్లాడటానికి ఒక ఫోను నంబరు, దగ్గర్లోని దవాఖాన వివరం ఉన్నాయి. అత్తమ్మే అడిగింది, "గీడికి పోతె ఏం జేస్తరు?" అని. ఆ గురువారం మా ఆయన సెలవు పెట్టి తల్లిని మహబూబ్‌నగర్ తీసుకుపోయాడు. నేనూ వెంట ఉన్నాను. అక్కడి డాక్టరు తొందరపడకుండా విన్నాడు. కొన్ని నెలలు వాడాలని మాత్రలు ఇచ్చాడు, వారానికోసారి ఫోనులో మాట్లాడే ఒకామెను పురమాయించాడు. తిరిగి వచ్చేటప్పుడు మా ఆయన తల్లికి సీతాఫలాలు కొనిచ్చాడు. బస్సులో ఆమె ఒక పండు పూర్తిగా తిన్నది. గింజలు కొంగులో వేసుకుంటుంటే నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఒక్క రోజులో ఏదీ బాగుపడలేదు. రెండు అడుగులు ముందుకు, ఒకటి వెనక్కి. కానీ చలికాలం పోయి ఎండలు ముదిరేలోపు ఒక మధ్యాహ్నం నా పప్పు నోట్లో పెట్టుకుని, "గిది పప్పా, కుడితా?" అంది. నేను లోపలికి పోయి పొయ్యి దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకున్నాను. పెళ్ళయిన దగ్గర నుంచి నన్నెవరూ అంత సంతోషపెట్టలేదు.

ఆ రోజుల్లోనే సర్వే ఫలితం తేలింది. మళ్ళీ మీటింగు పెట్టి డాక్టరమ్మ చెప్పింది. లెక్కలు నాకు సగం అర్థం కాలేదు, మిగతా సగం బాగా అర్థమైంది. పాత ఫారం వచ్చినవాళ్ళు లేదు, లేదు అని కొట్టి వెళ్ళిపోయారు, చివర మీరేమైనా చెప్పాలా అన్న గడి ఖాళీ. కొత్తది వచ్చినవాళ్ళు ఉన్నది అన్నారు, ఆ గడి నింపేశారు, జాగా చాలక కొందరు రెండోసారి వచ్చి రాశారు. మా దిక్కు జనానికి మనసు బాధలు తక్కువని ముందు అనుకున్నది తప్పని, అడిగే మాటే తప్పని తేలింది. ఇక నుంచి నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు కొత్త ఫారమే, మిగతా జిల్లాల్లో కూడా అక్కడి జనమే మాటలు ఇవ్వాలి అని తీర్మానం.

ప్రొఫెసరుగారు గొంతు సవరించుకున్నారు. "ముప్ఫై ఏళ్ళుగా నేను తెలుగులోనే అడుగుతున్నాననుకున్నాను. అడగలేదు. ఆ అమ్మాయి చెప్పిందే నిజం" అన్నారు. ఆ అమ్మాయి నేనే. షాపులో కుర్చీ వెనక్కి నెట్టి లేచి నిలబడ్డాను. గెలిచామని కేకేయాలనిపించింది. కేకేస్తే షాపు ముందు లైన్లో ఉన్నవాళ్ళు సర్వర్ వచ్చిందనుకుంటారు. అందుకని పక్క హోటలాయనకు చెప్పి అందరికీ చాయ్ పోయించాను. ఎందుకని అడిగితే, మన మాట డాక్టర్ల పుస్తకంల చేరింది, తాగుండ్రి అన్నాను. బుగులు తాత రెండు కప్పులు తాగాడు.

ఇదంతా ఇంట్లో చెబితే అత్తమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "మరి నా జవాబు యాడికి పోయింది?" అని. అందరి జవాబుల్లో కలిసిందని చెప్పాను. "కలిస్తె మంచిదే" అంది. ఇంకేం అడుగుతున్నారని ఆరా తీసింది. తర్వాతి విడతలో ఒంటరితనం గురించి అడుగుతారని, దానికీ ప్రశ్నలు కావాలని, ముసాయిదాలో ఉన్నది చదివాను: "మీకు తగిన సామాజిక మద్దతు లభిస్తోందా?"

"గిదేం ప్రశ్ననే?" అని నా చేతిలోంచి ఫోను లాక్కుంది. "ఒంటిగ ఉన్నోళ్ళను మద్దతు ఉన్నదా అంటే ఓట్లకు నిలబడ్డమా అనుకుంటరు. గిట్ల అడగుమను. మీతోని కొట్లాడెటోళ్ళు ఎవలన్న ఉన్నరా?"

నవ్వబోయాను. నవ్వు రాలేదు. ఆమెనే మీటింగులో కూర్చోబెట్టాను, కొంగు సర్దుకుని, ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి. డాక్టరమ్మ అడగగానే ఆ ప్రశ్న తడబడకుండా చెప్పింది. కొందరు పెద్దగా నవ్వారు. నవ్వు ఆగాక ప్రొఫెసరుగారు, "అమ్మా, ఆ మాట ఇంకొకసారి చెప్పండి, రాసుకుంటాను" అన్నారు. ఆమె చెప్పింది. "మంచిగ రాసుకో సారూ, తప్పు వోవద్దు" అని కూడా అంది.

ఆ ప్రశ్న ఫారంలో అలాగే వెళ్ళింది, ఒక్క అక్షరం మారకుండా. కొన్ని రోజులకు అభిప్రాయాల పేజీలో దాని కింద ఎవరో రాశారు. పేరు లేదు, ఊరు లేదు. "ఉండె. ఇప్పుడు లేరు. గీ మాట నన్ను ఎవ్వరు అడగలే." అంతే ఉంది. పొద్దున చాయ్ పెట్టేముందు అత్తమ్మకు చదివి వినిపించాను.

"ఎవలది? ఫోను చెయ్యి" అంది.

"తెల్వది అత్తమ్మా. పేర్లు తీసుకోరు."

"అయితె గీడనే రాయి. నేను చెప్తున్న." అరుగు మీద కాళ్ళు మడిచి కూర్చుంది. "బిడ్డా, నువ్వు ఎవలో ఏమో. నాకు గూడ ఉండె, పోయింది. నేను ఇంట్లనే ఉంట. నాకు నోరు బాగనే ఉన్నది. రా, నాతోని కొట్లాడు."

ఆమె చెప్పింది చెప్పినట్టు కొట్టాను. పంపమంటావా అంటే పంపమంది. పొయ్యి మీద చాయ్ మరుగుతుండగానే జవాబు వచ్చింది. నేను చదివాను.

"బిడ్డా అంటున్నవు, నువ్వు నాకంటె పెద్దదానివని ఎవలు జెప్పిండ్రు?"

అత్తమ్మ ముఖం వెలిగింది. కొంగు నడుములో దోపుకుంది.

"సూస్తివా దాని నోరు?" అంది. "రాయి, రాయి. నేను ఊకుంటనా?"